తీగ మీద నాలుగు బాడీలు

మా అవ్వ అలివేలుమంగ ఒకప్పుడు తను చచ్చిపోతున్నానని గట్టిగా నమ్మింది. నమ్ముతూనే లావెక్కింది. ఈ రెండూ ఒకే మనిషికి ఒకే ఏడాదిలో ఎలా జరిగాయో ఆమెకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. మా తాత కోదండపాణికి అర్థమైంది. కానీ అందులో పెద్దవాటా తనదే కాబట్టి ఆ మాట రాగానే పంచాంగం తీసి తిథి చూసుకుంటాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. తాత జమ్మలమడుగు తాలూకా కచేరీలో గుమాస్తా. పెన్నా నదికి పోయే దారిలో, గురవమ్మ అనే రైతమ్మ ఇంటి పక్క వాటాలో అద్దెకు ఉండేవాళ్ళు. మా అమ్మ కృష్ణకుమారి అప్పటికి అప్పుడప్పుడే మాటలు వస్తున్న పిల్ల. ఆ పిల్ల కాన్పుకే ఆసుపత్రిలో నర్సమ్మ అవ్వకు రవిక లోపల బాడీ వేసుకోవడం నేర్పింది. అంతకు ముందు వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలిసింది ముందు ముడివేసుకునే రవిక ఒక్కటే. ఆ రవిక మంచిది. మనిషి లావెక్కినా చిక్కినా ముడి బిగించడమో వదలడమో చేస్తే సరిపోతుంది. బాడీ అలా కాదు. దానికి వెనక కొక్కేలు ఉంటాయి. కొక్కెం ఎవరి మాటా వినదు.

పులివెందులలో ఉండే అవ్వ అత్తగారు, భారతమ్మ, మొదటిసారి దాన్ని చూసి ముక్కున వేలేసుకుందట.

"ఏందే ఇది, రవిక కింద ఇంకో రవికనా? మొక్కజొన్న కంకికి పొట్టు ఉన్నట్ల?"

"నర్సమ్మ వేసుకోమనింది అత్తయ్యా."

"నర్సమ్మకేం పని? ఆయమ్మ ఇంకా శానా చెప్తాది."

అయినా అవ్వ మానలేదు. మా అవ్వ మెత్తగా కనిపిస్తుంది గానీ ఒకసారి పట్టిన అలవాటును పెన్న వరద వచ్చినా వదలదు.

పిల్లకు రెండేళ్ళు నిండిన వేసవిలో అవ్వకు టైఫాయిడ్ వచ్చింది. లేచి కూర్చునే సరికి మనిషి చీపురుపుల్ల అయింది. రవికకు ముడి బిగించుకుంది, చీర కుచ్చెళ్ళు ఇంకో రెండు పోసుకుంది. బాడీ మాత్రం ఒంటిమీద వేలాడింది. చెయ్యెత్తితే కిందిపట్టీ పైకొచ్చేది, చెయ్యి దించితే భుజంపట్టీ కిందికొచ్చేది. పిన్నీసు పెట్టుకుంటే బావిలో నీళ్ళు తోడేటప్పుడు ఊడి పొడిచేది. గురవమ్మ గోడ మీద నుంచి చూసి సలహా ఇచ్చింది.

"లోపల ఒక పాత గుడ్డ మడిచి పెట్టుకో అలివేలమ్మా. గాదె వట్టిదయితే తాలుపొట్టయినా పొయ్యాల గదా."

అవ్వ గుడ్డ పెట్టుకుంది. ఆ గుడ్డ మధ్యాహ్నం తాతకు చారు పోస్తుండగా జారి విస్తరాకు పక్కన పడింది. తాత తల ఎత్తలేదు. అప్పటి నుంచి ఆయనకు ఆ వస్తువు అంటేనే భయం పట్టుకుంది.

జ్వరం సంగతి విని భారతమ్మ పులివెందుల నుంచి బస్సులో వచ్చింది. కోడలు వంగి కాళ్ళకు మొక్కి లేచేసరికి భుజంపట్టీ రవిక చేతిలో నుంచి జారి మోచేతి దగ్గర తేలింది. అవ్వ సిగ్గుపడి లోపలికి తోసుకుంది. భారతమ్మ నవ్వలేదు. ఆమె ముఖం పాలిపోయింది.

"మా చెల్లెలికీ ఇట్లే అయింది," అంది కొడుకుతో, కోడలు వినేటట్టే. "ముందు ఉంగరం జారె. మళ్ళ గాజులు జారె. మళ్ళ రవిక. అన్నం తింటానే ఉండె, అయినా కరిగిపోయె. క్షయరా అది. పిల్లలిద్దరికీ అంటిచ్చిపోయె."

"డాక్టరు టైఫాయిడ్ అన్నాడమ్మా," అన్నాడు తాత.

"మా చెల్లెలికి ఎన్ని పేర్లు చెప్పలేదు! కృష్ణను నేను తీసకపోతా."

అవ్వ పిల్లను ఎత్తుకోబోయి ఆగిపోయింది. తనకు నిజంగానే ఆ జబ్బు ఉంటే? ఎత్తుకుంటే? చేతులు చాపి, వెనక్కి లాక్కుని, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగుకు తుడుచుకుందట.

"మళ్ళీ ఎప్పుడు తెస్తారు అత్తయ్యా?"

భారతమ్మ చెడ్డమనిషి కాదు. భయపడిన మనిషి. అందుకే కళ్ళకు కనిపించే గుర్తు ఒకటి చెప్పింది.

"నీ బాడీ నీ ఒంటిమీద జారకుండా నిలిచిన దినం నేనే తెచ్చి నీ ఒడిలో వేస్తా. ఆ దినందాంకా అడగొద్దు."

పులివెందుల ఇంట్లో దూడ ఉందని చెప్పగానే మా అమ్మ ఎగిరి గంతేసి బస్సెక్కింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదట. ఈ మాట అంటే మా అమ్మకు ఇప్పటికీ కోపం.

అలా మా అవ్వకు బిడ్డ తిరిగి రావడానికి బాడీ కొలబద్ద అయింది. ఆమె తీరుగా ఆలోచించింది. ఒకటి, బాగా తినాలి. రెండు, ఈ లోపల అత్తగారికి చూపించడానికి ఒంటికి సరిపోయే బాడీ ఒకటి కుట్టించుకోవాలి. ఇందులో కొంచెం మోసం ఉందని ఆమె ఒప్పుకోదు. "జారకుండా నిలవాలన్నారు. ఏ బాడీ అని చెప్పినారా?" అంటుంది.

అప్పట్లో మగ దర్జీ ఆడవాళ్ళ ఒంటిమీద టేపు పెట్టేవాడు కాదు. సరిపోయే పాతబట్టను 'ఆది'గా పంపేవాళ్ళు. దర్జీ దాన్ని కొలిచి అలాంటిదే కుట్టేవాడు. అవ్వ పాత బాడీకి పక్కల మడత వేసి తనే కుట్లు వేసింది. అది వేసుకుంటే సరిగ్గానే ఉంది గానీ మడతలు గుచ్చుకునేవి. దాన్నే ఆదిగా పంపుదామనుకుంది. చేతిలోకి తీసుకుని చూస్తే కుట్టు చీమల బారులా వంకరటింకరగా పోయింది. ఇంత వంకర కుట్టు పరాయి మగవాడు చూస్తే తన పుట్టింటి పరువు ఏం కావాలి? రాత్రి కూర్చుని కుట్లన్నీ విప్పేసింది. ఇస్త్రీ చేసింది. కొత్త బట్ట కూడా తానే నీళ్ళలో నానేసి, ఆరేసి, ముడుచుకునేదేదో ముందే ముడుచుకుపొమ్మని సిద్ధం చేసింది. రెండూ కలిపి తువ్వాలులో మూటగట్టి తాతకు ఇచ్చింది.

"ఇది వదులు. రెండు వేళ్ళు లోపలికి పట్టి కుట్టమని చెప్పండి. మర్చిపోరు గదా?"

"చెప్తా."

"ఏమని?"

"రెండు వేళ్ళు."

జమ్మలమడుగులో దర్జీ కచేరీ ఎదురుగానే ఉంటాడు. తాత చొక్కాలు కుట్టేది అతనే. అతని చేతిలో ఆ మూట పెట్టడం కంటే రాజీనామా ఇవ్వడం తాతకు సులభం. అందుకని తనను ఎవరూ ఎరగని ప్రొద్దుటూరుకు బస్సెక్కాడు. బట్టల అంగళ్ళ సందులో కమాల్ బాషా మిషను ముందు దాకా పోయి, ఎవరూ లేని సమయం కోసం అటూ ఇటూ తిరిగాడు. ప్రొద్దుటూరు బట్టల సందులో ఎవరూ లేని సమయం అనేది లేదు. చివరికి పత్తి వ్యాపారులు ఇద్దరు బల్ల మీద కూర్చుని ఉండగానే మూట జార్చి ముఖం తిప్పుకున్నాడు.

"ఏంది సామీ ఇది?" అని కమాల్ బాషా విప్పబోయాడు.

"విప్పొద్దు! ఇట్లాంటిదే ఒకటి."

"కొలత ఏమన్నా మార్చాల్నా?"

వ్యాపారులు ఇద్దరూ ఇటే చూశారు. తాత గొంతులో రెండు వేళ్ళు ఇరుక్కున్నాయి.

"ఇట్లాంటిదే."

"సరే సామీ. కొత్త బట్ట నీళ్ళల్ల పడితే ముడుచుకుంటాది. నేను యాపొద్దూ వేలెడు ఎక్కువే పెడ్తా."

"పెట్టు," అని తాత సోడా తాగడానికి వెళ్ళిపోయాడు.

పది దినాలకు మళ్ళీ పోయి, కుట్టిన బాడీని వంకాయల కింద దాచి తెచ్చాడు.

"చెప్పినారా?" అంది అవ్వ.

"ఊ."

ఆ 'ఊ' మా ఇంట్లో ఎన్ని గొడవలకు మూలమో లెక్క లేదు. అవ్వ లోపలికి పోయి కొత్త బాడీ వేసుకుంది. చాలాసేపు బయటికి రాలేదు. రెండు వేళ్ళు లోపలికి పట్టి కుట్టిన బాడీ కూడా వదులే! అంటే ఈ పది దినాల్లో తను ఇంకా చిక్కిపోయింది. ఉంగరం, గాజులు, రవిక. అత్తగారి చెల్లెలు గుర్తొచ్చింది.

తిండి పెంచింది. పొద్దున్నే నానేసిన శనక్కాయ విత్తనాలు, మధ్యాహ్నం గడ్డపెరుగు, సాయంత్రం బెల్లంతో నువ్వులు. గురవమ్మ గోడ మీద నుంచి రాగిసంగటి ముద్ద కూడా అందించింది.

"బాపనమ్మవి, మా సంగటి తింటావా?"

"మందుకు దోషం లేదు గురవమ్మా. అంత నెయ్యి కూడా ఇటు పెట్టు."

మళ్ళీ ఒక బాడీ కుట్టించాలనుకుంది. ఈసారి ఆదిగా కొత్తదాన్నే ఇచ్చింది, అదే తన ఇప్పటి కొలతకు దగ్గర అని. "ఇంకో రెండు వేళ్ళు లోపలికి" అని చెప్పింది. తాత తల ఊపాడు. ప్రొద్దుటూరులో మళ్ళీ "ఇట్లాంటిదే" అన్నాడు. కమాల్ బాషా మళ్ళీ వేలెడు ఎక్కువ పెట్టాడు. ఇంటికి వచ్చిన బాడీ ఇంకా వదులు. మూడోదానికీ అదే కథ.

తాత ఈ మధ్యలో పులివెందుల పోయి పిల్లను చూసి వస్తుండేవాడు. అవ్వ పోయేది కాదు. పోతే ఎత్తుకోకుండా ఉండలేనని ఆమెకు తెలుసు. బస్సు దిగి వచ్చిన తాతను గడపలోనే నిలబెట్టి అడిగేది.

"నన్ను అడిగిందా?"

"అడిగింది, అడిగింది."

"ఏమని?"

తాతకు అబద్ధం ఒక్క మాట వరకే వచ్చు, రెండో మాటకు తడబడి నిజం చెప్పేస్తాడు. "దూడకు నీ పేరు పెట్టింది," అన్నాడు. "అలివేలూ, అలివేలూ అని దాని వెంట తిరుగుతాది."

సంతోషపడాలో ఏడవాలో అవ్వకు తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేసింది.

ఇక్కడి నుంచే ఆమెకు అసలు అయోమయం మొదలైంది. గాజులమ్మే ఖమ్రున్నీసా వచ్చి చెయ్యి పట్టుకుని, సబ్బు నురగ పూసి, పళ్ళబిగువున గాజులు తోసింది.

"అల్లా! పోయినసారి జారిపోతాండె. ఇప్పుడు చెయ్యి నిండింది గదమ్మా. సైజు మార్చాల."

"నిండిందా? సరిగ్గా చూడు ఖమ్రున్నీసా."

"నేను చూసేదేంది, గాజే చెప్తాంది గదా!"

ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ గుండెకు గొట్టం పెట్టి విని, ఏమీ లేదంది. కాటా ఎక్కించి చూసి, బరువు బాగా పెరిగావంది. తాత సంబరంగా ఇంటికి వచ్చాడు. అవ్వ మాత్రం మంచం మీద కూర్చుని ఆలోచనలో పడింది. గాజు లావయ్యావంటుంది. కాటా లావయ్యావంటుంది. బాడీ ఒక్కటే చిక్కిపోతున్నావంటుంది. ఎవరి మాట నమ్మాలి?

"ఆ ఇనుప పలకకు నేనెవరో తెలుసునా? రోజూ ఒంటిని అంటుకోని ఉండేది బాడీ. దానికి తెలియంది దానికి తెలుస్తాదా?" అంది.

"మరి గాజులు?" అన్నాడు తాత.

అవ్వ తన జీవితంలోకెల్లా తెలివైన మాట చెప్పింది.

"క్షయ రొమ్ము జబ్బు గదండీ. రొమ్మునే తింటాంది. చేతులకు ఇంకా రాలే."

దీనికి తాత దగ్గర జవాబు ఉంది. "నేను దర్జీకి ఏమీ చెప్పలేదు" అని. ఆ మాట నోటిదాకా వచ్చి మళ్ళీ లోపలికి పోయేది. ఇన్నాళ్ళు 'ఊ' అని, ఇప్పుడు 'ఊహూ' ఎలా అంటాడు? పైగా బాడీ ఏమాత్రం వదులుగా ఉందో ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. వంకాయల కింద పెట్టేటప్పుడు కూడా కళ్ళు మూసుకునేవాడట.

మీరు అడగవచ్చు, నాలుగు బాడీలు ఇంట్లో ఉన్నాయి కదా, పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోదా అని. అక్కడే ఉంది అసలు సంగతి. మా ఇళ్ళలో బాడీని ఎవరూ బాహాటంగా ఆరేయరు. తీగ మీద ముందు బాడీ, దాని మీద చీర పరచాలి. చీకట్లో ఆరి, చీకట్లో మడతపడి, పెట్టెలో అడుక్కు పోతుంది. పైగా పాతవి వదులని తేలాక అవ్వ వాటి ముఖం చూడలేదు. వాటిని చూస్తే కరిగిపోయిన ఒళ్ళు గుర్తొచ్చేదట.

అట్లతద్దికి ముందు అత్తగారు వస్తున్నట్టు కబురు వచ్చింది. పిల్లను తీసుకురావడం లేదు. కోడలు ఎలా ఉందో చూసి పోతుందట. అవ్వ ఉన్నవాటిలో ఏదో ఒకటి పిన్నీసులతో నిలబెట్టి చూపించాలని, పెట్టె అడుగు నుంచి పాతదాంతో సహా నాలుగూ తీసి ఉతికింది. తీగ మీద వరసగా వేసి, పైన తన నేత చీర పరిచింది.

భారతమ్మ దొడ్లో కాళ్ళు కడుక్కుంటూ ఉంది. అవ్వ పక్కనే తువ్వాలు పట్టుకుని ఉంది, తాత బావి దగ్గర చెంబుతో నిలబడి ఉన్నాడు. పెన్న ఇసుక మీద నుంచి గాలి లేచింది. చీర ఒక్క ఊపున ఎగిరి గోడ దాటి గురవమ్మ గడ్డివాము మీద పడింది.

తాత చెంబు వదిలేసి రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. భారతమ్మ మూసుకోలేదు.

"ఏందే ఇవి," అంది దగ్గరికి పోతూ, "మెట్లు మాదిరి?"

ఎడమ పక్కది చిన్నది. దాని పక్కది దానికంటే పెద్దది. దాని పక్కది ఇంకా పెద్దది. చివరిది గాలికి ఉబ్బి గుమ్మడికాయలు రెండు మోస్తున్నట్టు ఊగుతోంది.

"అన్నీ నీవేనా?"

"నావే అత్తయ్యా."

"ఇది యాపొద్దుది?"

"అది జ్వరానికి ముందుది."

"ఇది?"

"అది చివర కుట్టించింది. శానా చిన్నగా కుట్టమని చెప్పి పంపినా."

భారతమ్మ చిన్నదాన్నీ పెద్దదాన్నీ చూసింది. మళ్ళీ పెద్దదాన్నీ చిన్నదాన్నీ చూసింది. ఆమెకూ అయోమయమే.

"మనిషి కరిగితే బట్ట పెరుగుతాదా? మా చెల్లెలికి ఇట్ల కాలేదే!"

గోడ మీద నుంచి గురవమ్మ, చేతిలో ఎగిరొచ్చిన చీరతో, "దర్జీకి చెప్పిందెవరమ్మా?" అని అడిగింది. ముగ్గురూ బావివైపు చూశారు. తాత ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"ఏమిరా కోదండం, దర్జీకి ఏమని చెప్పినావు?"

"చెప్పినానమ్మా."

"ఏమని?"

"ఇట్లాంటిదే... అని."

"చిన్నగా కుట్టమని చెప్పలేదా?"

"ఆ మిషను కాడ పత్తి వ్యాపారస్తులు ఉండిరమ్మా."

"అన్నిసార్లూ ఉండిరా?"

"వేరే వేరే వాళ్ళు ఉండిరి."

గురవమ్మ గోడ పట్టుకుని నవ్వు ఆపుకోలేక కిందికి జారింది. అవ్వ నవ్వలేదు. ఆమెకు కోపం కూడా రాలేదు, ముందు అర్థం కావాలి కదా. దర్జీ వేలెడు ఎక్కువ పెట్టే సంగతి కూడా తాత నోటి నుంచి ఊడబెరికాక, ఆమె తీగ దగ్గరికి పోయి అన్నిటికంటే పాతదాన్ని, జ్వరానికి ముందుదాన్ని, తడిగానే లాక్కుని లోపలికి పోయింది. భారతమ్మ వెంటపోయింది. తలుపు మూసుకుంది. లోపలి నుంచి మూలుగులు వినిపించాయి.

"ఊపిరి బిగబట్టు."

"బిగబట్టినా అత్తయ్యా."

"ఇంకొంచెం. ఆ... అయ్యో!"

టప్ మని కొక్కెం ఊడి వచ్చి తలుపుకు తగిలింది.

తలుపు తెరిచి భారతమ్మ బయటికి వచ్చింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయని అవ్వ చెబుతుంది. లేవని మా తాత అంటాడు, కానీ ఆయన కళ్ళు తెరిచిందే అప్పుడు కదా.

"పిల్లను తెస్తారా అత్తయ్యా?" అంది అవ్వ లోపలి నుంచే, చీర చుట్టుకుంటూ.

"బాడీ ఒంటిమీద నిలిచినప్పుడు తెస్తానంటి. ఇది నిలవలేదు గదా, తెగిపాయె," అంది భారతమ్మ. అలవాటు కొద్దీ అత్తరికం వదలలేదు. మరుక్షణం తనే, "ఎద్దులబండి మాదిరి నిలబడినావేంరా, పులివెందుల బస్సు ఎన్నింటికి?" అని కొడుకును కసిరింది.

మా అమ్మ మర్నాడే వచ్చింది. అవ్వ వాకిట్లోకి పరుగెత్తి, ఇన్నాళ్ళూ కట్టిపెట్టుకున్న చేతులు చాపింది. పిల్ల నాన్నమ్మ కొంగు వెనక దాక్కుంది.

"ఎవరే ఆమె? చెప్పు, అలివేలు గదా?" అని భారతమ్మ బుజ్జగించింది.

మా అమ్మ అవ్వను కిందినుంచి పైదాకా చూసి, "కాదు. అలివేలుకు తోక ఉంటాది," అంది.

అవ్వ ఆ పూట వంట చేయలేదు. పిల్ల దగ్గరికి రాలేదు, అలాగని దూరమూ పోలేదు. నడిమింట్లో కూర్చుని పులివెందుల నుంచి తెచ్చుకున్న చింతపిక్కలతో ఆడుకుంటోంది. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒంటిమీద ఆ రోజు ఆఖరిది, అన్నిటికంటే పెద్దది ఉంది. పాతది తెగిపోయింది, తీగ మీద నుంచి ముందు చేతికి వచ్చింది అదే. కాసేపటికి పిల్ల పిక్కలు దాచుకోవడానికి చోటు వెతికింది. పీట కింద చూసింది, చాప కింద చూసింది. చివరికి అవ్వ దగ్గరికి వచ్చి, ముడి రవిక మెడ దగ్గర వదులుగా పైకి తేలుతున్న బాడీ అంచు వేలితో లాగి, ఒక పిక్క లోపల వేసింది. అవ్వ కదలలేదు. ఇంకోటి వేసింది. పిడికెడు వేసింది. అన్నీ పట్టాయి. అప్పుడు ఆ పిడికిలి తీయకుండానే పిల్ల ఆమె ఒడిలో పడుకుంది.

తరువాత కమాల్ బాషా దగ్గరికి అవ్వ తనే పోయింది. వ్యాపారులు ఉండగానే "ఇది నాకు శానా వదులు" అని చెప్పి, సరైనవి కుట్టించుకుంది. తాత ఆ సందు మొదట్లోనే సోడా తాగుతూ ఆగిపోయాడు. కానీ ఆ పెద్ద బాడీ చినిగిపోయే వరకూ అవ్వ ఇంట్లో అదే వేసుకునేది. ఎందుకని అడిగితే, "మరి పిల్ల చింతపిక్కలు యాడ పెట్టుకుంటాది?" అనేది.